శ్రుతి సవరణ – పాఠ పరిష్కరణ

మా మోపిదేవి మండలంలోనే, కృష్ణ ఒడ్డున, పెదకళ్ళేపల్లి ఉన్నది. త్యాగరాజస్వామి శిష్యులైన మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి వద్ద విద్య గ్రహించిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారిది ఆ ఊరు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు, పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. తాళపత్రాలను పోల్చి పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) సైతం అక్కడివారే. పాటకూ పాఠానికీ ఒకే ఊరు పుట్టిల్లు కావడం నాకిటీవల పదేపదే గుర్తుకు వస్తున్నది. కారణం మా మనుమరాలు.

అది తోడిలో ఒక కీర్తన పాడి ఒక స్టూడియోలో రికార్డు చేయించుకొన్నది. ఇంటికి వచ్చిన పాట విని మా ఇంటావిడ, "ఇది మన పిల్ల గొంతేనా?" అన్నది. అడిగితే ఆ కుర్రవాడు, "శ్రుతి తప్పిన చోట్ల సరిచేశాను మాస్టారూ" అన్నాడు వినయంగా. తోడిలో గాంధారం కుదురుగా నిలిచే స్వరం కాదు, ఋషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. ఆ ఊపే రాగం. యంత్రం దానిని తప్పుగా ఎంచి, మేకు కొట్టినట్లు ఒకచోట నిలిపివేసింది.

1997లో అమెరికాలో ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు, చమురు అన్వేషణకై భూగర్భ తరంగాలను విశ్లేషించిన అనుభవంతో, ఆటో-ట్యూన్‌ను రూపొందించారు. పన్నెండు మెట్ల స్వరస్థానాలే దానికి సహజమైన కొలత. మన గమకాలు ఆ మెట్లమధ్యనే కదా బ్రతికేది!

అయితే పూర్వమంతా నిష్కల్మషమని అనను. టేపు వచ్చిన నాటినుండి కత్తెరతో కోసి, బాగున్న ముక్కలను అతికినవారున్నారు. 1963లో నర్తనశాలలో బృహన్నలకు పాడినవారు బాలమురళిగారు, స్వరపరచినవారు పెదకళ్ళేపల్లి శాస్త్రిగారి మనుమలు, తాతగారి పేరే గల సుసర్ల దక్షిణామూర్తిగారు. తాతగారి విద్య శిష్యపరంపరగా తిరిగివచ్చి మనుమని పాటలో చేరింది! ఆ కాలంలో గాయకులూ వాద్యకారులూ కలిసి పాడి వాయించేవారు. ఒక్కరు తడబడితే అందరూ మళ్ళీ మొదటికి రావలసిందే.

నేను చదువుకొన్న పరిష్కరణశాస్త్రంలో ఒక కట్టుబాటు ఉన్నది. శిథిలమైన చోట చుక్కలు పెట్టాలి. తాను పూరించినది కుండలీకరణాలలో చూపాలి, పాఠాంతరం అడుగున ఈయాలి. అన్నమాచార్యుల రాగిరేకులపై రాగనామమే తప్ప స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కొన్నిటికి బాణీలు కూర్చి, అవి తమ కూర్పులేనని తెలిసేటట్లే ప్రకటించారు. పాటలో దిద్దుబాటుకు మాత్రం అధస్సూచిక ఎక్కడ?

ఇప్పుడు దిద్దుబాటును దాటి వచ్చాము. బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో గతించారు. 2023 నాటి 'కీడా కోలా' చిత్రంలో వారి గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో పునఃసృష్టించారంటూ కుమారులు చరణ్ నోటీసు పంపిన సంగతి 2024లో పత్రికలకెక్కింది. ఆ యేడే రెహమాన్‌గారు ఇద్దరు దివంగత గాయకుల గొంతులను తమిళ చిత్రానికి అదేవిధంగా వాడారు. కానీ కుటుంబాల సమ్మతి తీసుకొని, పారితోషికమిచ్చి, ఆ మాట బయటికి చెప్పారు. యంత్రం రెండుచోట్లా ఒకటే.

మా పిల్ల దిద్దని ప్రతిని అడిగి తెచ్చుకొన్నది. రెండవ చరణంలో ఒకచోట శ్రుతి నిజంగానే జారింది. "ఆ ఒక్కటీ దిద్దించనా, తాతయ్యా?" అని అడుగుతున్నది. నేనింకా బదులు చెప్పలేదు.