తెల్లవారుజామున కాటిసీను

ప్రొద్దు గ్రుంకకముందే బండ్లు కట్టుకొని, పిల్లలకు పెరుగన్నము తినిపించి, చాపలును దుప్పట్లును చంకనిడుకొని పొరుగూళ్ల జనము పందిరిక్రిందకు చేరుకొనెడి ఆ దినములలో పద్యనాటకమనునది ఒక పూట వినోదము గాక ఒక రాత్రి జాగరణమై యుండెడిది. ఆ జాగరణమందలి పరవశమును, విసుగును రెండును ఒక్క పద్యమునుండియే పుట్టెడివని నా దృఢవిశ్వాసము.

ఆ పద్యము రంగమున కెట్లెక్కినదో కొంత చెప్పవలసియున్నది. కాగడాల వెలుగున దరువులు పాడి ఆడెడి వీధినాటకము మన పల్లెల కెన్నడో పరిచితమే. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు మన పట్టణములకు వచ్చి ప్రదర్శనము లిచ్చిపోగా, మనవారికిని తెరలు గట్టి నాటకమాడవలెనను ఉత్సాహము కలిగెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే నాటకము లాడించిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీసభను నెలకొల్పి, పాత్రధారులే పద్యములను, పాటలను రాగయుక్తముగా పాడెడి మార్గమును ప్రతిష్ఠించిరి. 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున కీచకవధతో వెలసిన వనారసవారి సమాజము, ఆడువేషములను ఆడువారిచేతనే కట్టించి, కుటుంబములకు కుటుంబములే నాటకమునకు అంకితమైన యొక అపూర్వసంప్రదాయమును నిలిపినది. పిదప తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు వెలువడినవి. అక్షరము రాని కాపుకుఱ్ఱవాడును శ్రీకృష్ణరాయబారపు పద్యములను దుక్కి దున్నుచు పాడుకొనగలిగె ననిన, ఆ జంటకవులకు అంతకుమించిన గండపెండేరము వేఱొకటి యుండదు.

ఇక ఆ రాత్రి సంగతి. రంగమున కొకప్రక్క హార్మోనిస్టు కూర్చుండెడివాడు. కాలితో తిత్తిని త్రొక్కుచు, వ్రేళ్లను మెట్లపై నిలిపి, కన్నులను మాత్రము నటుని పెదవులనుండి మరల్పక, పద్యము నాల్గవపాదము ముగిసి తుది యచ్చు రాగమై విచ్చుకొను ఆ యొక్క క్షణమునకై అతడు కాచుకొని యుండెడివాడు. నటుడు స్వరమును మీదికి కొనిపోగా హార్మోనియము వెంబడించును. హార్మోనియ మొక క్రొత్త సంగతి పలుకగా నటుడు దానిని అందుకొనును. అప్పుడు జనము ఊపిరి బిగబట్టును. రాగము షడ్జమున వచ్చి వ్రాలగానే చప్పట్లు, వాని నడుమ 'వన్సుమోరు' కేకలు! ఈలపాట రఘురామయ్యగారు కృష్ణవేషమున వ్రేలు పెదవిని జేర్చి ఈలతో పద్యము పలికించిననాడు, స్థానం నరసింహారావుగారు సత్యభామయై, ఆ పాత్రకై తాము స్వయముగా రచించుకొనిన పాటను పాడుచు అడుగిడిననాడు, తాము పందిరిక్రింద చాపలపై నున్నామను స్పృహ ఎవరికి మాత్రము మిగిలినది?

అయినను ఆ రాగమే శ్రుతిమించి రాత్రిని క్రుంగదీయుటయు కలదు. ఒక్క పద్యమును కృష్ణుడు పది నిమిషములు సాగదీయుచుండగా, ఎదుట నిలిచిన దుర్యోధనుడు కోపమును ముఖమున నిలుపుకొనలేక కిరీటము సవరించుకొనుచు నుండుట నేను కన్నులార చూచితిని. కథ ఆగిపోవును, కంఠము మిగులును. కంట్రాక్టు నాటకములు వచ్చిన తరువాత ఈ కష్టము ముదిరినది. పడకసీనున కొక కృష్ణుడు, రాయబారమునకు మఱియొక కృష్ణుడు. ఒకరి నొకరు ఆ రాత్రియే రంగముమీద కలిసికొనెడి ప్రసిద్ధనటులు. రెండవ కృష్ణుని బండి వేళకు రాకున్నచో తెర దించి, హార్మోనియము చేత కాలక్షేపము. అంతలో పెట్రోమాక్సు లైటు మసకబారును. ఎవరో వచ్చి పంపుకొట్టి గాలి యెక్కించువఱకు కౌరవసభ చీకటిలో నుండును. పిల్లలు నిద్రించిరి, పెద్దలు ఆవులించిరి. ఆ నటుల గొంతులను ప్రాణముగా ప్రేమించిన నేనును గూడ, అట్టి ఘడియలలో లేచిపోవుదమా యని తలచిన రాత్రులు లేకపోలేదు.

లేచిపోనీయక కూర్చుండబెట్టినది కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు సత్యహరిశ్చంద్రీయమును రచించుటయే గాక నక్షత్రకుని వేషముగూడ తామే ధరించెడివారు. నక్షత్రకుని వేధింపులకు నవ్వి, యేడ్చి అలసిన జనమునకు, తెల్లవారుజామున, మంచు కురియు వేళకు శ్మశానము తెర యెత్తెడివారు. తల్లులు పిల్లలను తట్టి లేపెడివారు. గొంగడి కప్పుకొని, భుజమున కఱ్ఱ మోపుకొని, హరిశ్చంద్రుడు వీరబాహుని కొలువున కాటికాపరియై వచ్చి పద్యమందుకొనెడివాడు. ఆ రాత్రియందలి శ్రేష్ఠములైన ఆ శ్మశానపద్యములు కొన్ని బలిజేపల్లివారివి గావు, గుఱ్ఱము జాషువాగారివి. నటులు వానిని ప్రీతితో తెచ్చి నాటకమున చేర్చుకొనిరి; చేర్చిన పిదప, అవి లేని కాటిసీనును జనము ఒప్పినది కాదు. వినుకొండలో పుట్టి, అస్పృశ్యుడని పంక్తికి దూరముగ నుంచబడిన కవి వ్రాసిన పలుకులను, కాటికాపరియైన సూర్యవంశపు రాజు పాడుచుండగా, అగ్రహారమువారును మాలపల్లెవారును ఒకే పందిరికి ఈ కొనను ఆ కొనను కూర్చుండి, కన్నులు తుడుచుకొనుచు, మరల పాడుమని కేకలు వేసెడివారు.