నల్లగొండ ఫ్లోరోసిస్: అస్థివృద్ధి పరిశోధన చరిత్ర

దక్షిణ తెలంగాణమున నల్లగొండ జిల్లాయందు విస్తారముగను, మహబూబ్‌నగరు జిల్లాయందు అక్కడక్కడను, గ్రెనైటు శిలలనుండి ఫ్లోరైడు ఊరి బావినీటిలో కలియుటచే దంతములకును అస్థులకును సంక్రమించు వ్యాధి ఫ్లోరోసిస్. గారపండ్లును బిగిసిన నడుములును పల్లెలకు చిరపరిచితములే యైనను, వానికి నీరు కారణమని శాస్త్రము గుర్తించినది ఇరువదవ శతాబ్దముననే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ ప్రభృతులు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి అస్థివికారమును వర్ణించిరి, 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను.

అస్థి సజీవధాతువు. ఒక జాతి కణములు దానిని కట్టుచుండగా వేరొక జాతి కణములు కరగించుచుండును. ఫ్లోరైడు అస్థిస్ఫటికములలో హైడ్రాక్సిల్ స్థానము నాక్రమించుటయే గాక, కట్టెడు కణములను మితిమీరి ప్రేరేపించును. అందుచే వెన్నెముక దట్టమై, సంధిబంధములు సైతము సున్నముదేరి, కడకు మెడ త్రిప్పుటయే దుర్భరమగును.

1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారియు కమలా కృష్ణస్వామియు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ చరిత్రలో మిక్కిలి విలువైనది. ఎదుగుచున్న పిల్లలకు, ముఖ్యముగా బాలురకు, మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి తాకుచుండుటయు, వెన్నెముక దట్టపడగా కాలియెముకలు గుల్లబారుటయు వారు గమనించిరి. నీరొక్కటియే హేతువైనచో ఈ వైరుధ్యము పొసగదు గనుక పరిశోధకుల దృష్టి జొన్నకూటిపై పడెను. మాలిబ్డినమ్ అను లోహము అధికముగా గల జొన్నలు తినినవారి మూత్రమున రాగి ఎక్కువగా పోవుచున్నదని 1974లో దేవస్థలే, గోపాలన్‌లు చూపిరి. ఎముకకు పట్టునిచ్చు కొల్లాజెన్ పోగులు పెనవేసికొనుటకు రాగి ఆవశ్యకము. వంకరకాళ్లు గల గ్రామముల ధాన్యమున మాలిబ్డినమ్ హెచ్చుగా నున్నదని 1977లో దేవస్థలే, కృష్ణమాచారి, బెలవాడిలు ప్రకటించిరి. నాగార్జునసాగరు ఊటచే భూగర్భజలము పైకి వచ్చి నేలలోని లవణముల స్థితి మారుటయే ఇందులకు మూలమని కొందరు తలంచిరి. తిండిని, నేలను, ఎముకను ఒక్క చూపున పరికించిన ఈ కృషి శ్లాఘనీయము.

నీటినుండి ఫ్లోరైడును తొలగించుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరీ) 1975లో రూపొందించిన పటిక, సున్నము, బ్లీచింగుపొడి ప్రక్రియ 'నల్లగొండ పద్ధతి'యను పేర ఆఫ్రికా దేశములకును ప్రాకెను. అనంతరము మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములకు కృష్ణాజలము గొట్టములద్వారా వచ్చినది. నీరు మారుటచే క్రొత్తగా పుట్టిన శిశువులకు రక్షణ కలిగినను, బాల్యమున వంగిన కాళ్లకు ఎదుగుదల ముగిసిన పిదప ఎముకను కోసి నిలుపు శస్త్రచికిత్సయే శరణ్యము.