ఆగిన లారీలో ఇంజిన్ ఎందుకు ఆగదు? డ్రైవర్ల కారణాలేంటి, చట్టం ఏం చెబుతోంది?

రాత్రి 11 దాటింది. మీ అపార్ట్‌మెంట్ పక్కన కొత్తగా కడుతున్న భవనం ముందు ఇసుక లారీ వచ్చి ఆగింది. డ్రైవర్ హ్యాండ్ బ్రేక్ వేశాడు, హెడ్‌లైట్లు తీసేశాడు. ఇంజిన్ మాత్రం ఆపలేదు. అరగంటైనా అదే మోత. కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. పడకగదిలోకి పొగ వాసన వస్తోంది.

'డీజిల్ ఊరికే వస్తుందా? ఆపేస్తే ఏం పోతుంది?' అనిపించడం సహజం. నిజానికి ఆ డీజిల్ ఖర్చు చాలాసార్లు డ్రైవర్ జేబు మీదే పడుతుంది. చాలామంది యజమానులు ట్రిప్పుకు ఇంత డీజిల్ అని ముందే లెక్కగట్టి ఇస్తారు. మిగిలితే డ్రైవర్‌కు లాభం, తగ్గితే నష్టం. అయినా ఇంజిన్ ఆపడం లేదంటే దాని వెనక కారణం ఉండాలి. వాటిలో కొన్ని నిజంగా అవసరమైనవి, కొన్ని పాత అలవాట్లు. ఇంకొన్నింటిలో డ్రైవర్‌కు వేరే దారి లేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆగిన వెంటనే ఆపకూడదా?

హైవే మీద లోడుతో గంటలు నడిచిన లారీని ఆపిన మరుక్షణం ఇంజిన్ కట్టేయకూడదన్న మాట నిజమే. ఇప్పటి డీజిల్ లారీలన్నింటికీ దాదాపుగా టర్బో ఉంటుంది. వేడి పొగ తోసే బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని పంపే చక్రం అది. నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరగగలదు. దాని బేరింగులను చల్లబరిచేది ఇంజిన్ ఆయిలే. ఇంజిన్ ఆపితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది. అప్పటికి టర్బో ఇంకా కాలిపోతుంటే అక్కడి ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

అందుకే ఆపే ముందు కాసేపు ఇంజిన్‌ను మామూలు వేగంతో వదిలేయమని కంపెనీలు చెబుతాయి. ఆ కాసేపు అంటే 3 నుంచి 5 నిమిషాలు. ఊళ్లో నెమ్మదిగా వచ్చిన బండికి అంత కూడా అక్కర్లేదు. అరగంట ఆన్‌లో ఉంచితే టర్బోకు అదనంగా ఒరిగేదేమీ లేదు.

గాలి దిగిపోతుందనే భయం

లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజిన్ తిప్పే కంప్రెసర్ ట్యాంకుల్లో గాలి నింపుతుంది. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది బలమైన స్ప్రింగు. గాలి ఒత్తిడి సరిపడా ఉంటేనే అది వదులుతుంది. గాలి దిగిపోతే చక్రాలు బిగుసుకుని బండి కదలదు. దారిలో గాలి పోతే బండి అదుపు తప్పకుండా చేసిన రక్షణ ఏర్పాటు ఇది.

ఏ లీకూ లేని బండిలో గాలి గంటల తరబడి నిలుస్తుంది. పైపులు, వాల్వులు పాతబడిన లారీలో మాత్రం టీ తాగి వచ్చేలోపే ముల్లు కిందికి దిగుతుంది. మళ్లీ గాలి ఎక్కాలంటే కొన్ని నిమిషాలు ఇంజిన్ నడపాలి. రేవు గేటు దగ్గరో, రైస్ మిల్లు ముందో వరుసలో ఉన్నప్పుడు 'బండి తియ్' అన్న వెంటనే కదలకపోతే వెనకున్నవాళ్లు ఊరుకోరు. వంతు కూడా పోవచ్చు. దాంతో లీకు బాగు చేయించడం మానేసి ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచుతారు. ఇది రిపేరు వాయిదా వేసి డీజిల్‌తో సరిపెట్టుకోవడమే.

సెల్ఫ్ తీసుకోకపోతే?

బ్యాటరీదీ ఇదే కథ. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అందుకే ఇంజిన్‌ను తొలిసారి తిప్పడానికి చాలా బలం కావాలి. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు ఇచ్చేది ఇందుకే. బ్యాటరీ బలహీనంగా ఉంటే 'ఒకసారి ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోదు' అన్న భయం డ్రైవర్‌ను వదలదు. నిండు లోడు లారీని నెట్టి స్టార్ట్ చేయడం నలుగురితో అయ్యే పని కాదు.

చలి ప్రాంతాల్లో ఈ భయానికి ఇంకో కారణం ఉంది. గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం పదార్థం పేరుకుని ఫిల్టర్‌కు అడ్డుపడుతుంది. లద్దాఖ్ లాంటి చోట్ల రాత్రంతా ఇంజిన్ నడిపే అలవాటు అలా వచ్చిందే. మైనస్ 33 డిగ్రీల చలిలోనూ పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో అక్కడ తీసుకొచ్చింది. హైదరాబాద్, విజయవాడల్లో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడి డిసెంబరు చలికి డీజిల్ గడ్డకట్టదు.

'మళ్లీ స్టార్ట్ చేస్తేనే డీజిల్ ఎక్కువ తాగుతుంది' అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. వేడెక్కిన ఇంజిన్ విషయంలో అది నిజం కాదు. స్టార్ట్ చేయడానికి పట్టే డీజిల్ చాలా స్వల్పం. కొన్ని నిమిషాలకు మించి ఆగాల్సి వస్తే ఆపడమే లాభం.

లోడు కోసం నడిచే ఇంజిన్

కొన్ని బండ్లు ఆగి ఉన్నా పనిలోనే ఉంటాయి. కాంక్రీటు తెచ్చే మిక్సర్ లారీ ఇందుకు ఉదాహరణ. వెనకున్న డ్రమ్ము తిరగడం ఆగితే కాంక్రీటు గట్టిపడుతుంది. డ్రమ్మును తిప్పేది లారీ ఇంజినో, దాని కోసం విడిగా పెట్టిన చిన్న ఇంజినో అయి ఉంటుంది. ఏదైనా సరే, స్లాబు దగ్గర వంతు వచ్చేదాకా మోత తప్పదు. టిప్పర్ తొట్టి లేపడానికీ, ట్యాంకర్ నుంచి పంపుతో సరుకు తోడడానికీ ఇంజిన్ కావాలి.

ఐస్‌క్రీం, మందులు, గడ్డకట్టించిన రొయ్యలు తీసుకెళ్లే రిఫ్రిజిరేటెడ్ లారీలూ అంతే. పెద్ద వాటిలో శీతల యంత్రానికి సొంత డీజిల్ ఇంజిన్ ఉంటుంది. అంటే లారీ ఇంజిన్ ఆపినా మీకు మోత వినిపించవచ్చు. మన దగ్గర్నుంచి దూర రాష్ట్రాలకు వెళ్లే చేపలు మాత్రం ఎక్కువగా ఐసు మధ్య పేర్చిన పెట్టెల్లోనే వెళ్తాయి. వాటికి ఇంజిన్ అవసరం లేదు.

బీఎస్-6 లారీలతో మరో కొత్త అవసరం వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఈ ప్రమాణాల ప్రకారం లారీ సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండితే లోపలి మసిని అధిక వేడితో కాల్చాలి. హైవే మీద ఇది దానంతటదే జరిగిపోతుంది. ఊళ్లోనే తిరిగే బండిలో డ్యాష్‌బోర్డుపై లైటు వెలిగితే ఓ పక్కన ఆపి, ఇంజిన్ వేగం పెంచి అరగంట వరకు నడపాల్సి రావచ్చు.

అసలు కారణం: క్యాబిన్‌లో వేడి

పై కారణాలు నిమిషాల్లోనో, ఓ గంటలోనో తీరిపోయేవి. రాత్రంతా ఇంజిన్ నడవడానికి ప్రధాన కారణం వేరు. డ్రైవర్‌కు లారీయే ఇల్లు. కాళ్ల కిందో, సీటు కిందో ఉండే ఇంజిన్ వేడి ఆపిన తర్వాతా గంటల తరబడి క్యాబిన్‌లో ఉంటుంది. మే నెల రాత్రి అద్దాలు దించితే దోమలు. దానికి తోడు డీజిల్, టైర్లు, ఫోన్ దొంగల భయం. అద్దాలు ఎత్తితే ఊపిరాడదు. ఏసీ ఉన్న బండిలోనూ ఇంజిన్ తిరిగితేనే కంప్రెసర్ తిరుగుతుంది. అంటే నిద్రపోవాలంటే ఇంజిన్ నడవాలి.

2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవన్నీ. ఉక్కపోతలో అలిసిన డ్రైవర్ స్టీరింగ్ ముందు కునుకు తీస్తే ఏమవుతుందో తెలిసిందే కాబట్టి ఇది మంచి నిబంధనే. అయితే ఆగినప్పుడు చల్లదనానికి వేరే ఏర్పాటు లేకపోతే, రాత్రి ఇంజిన్ నడిపే బండ్లు ఇంకా పెరుగుతాయి.

దానికి తోడు వేచి ఉండే సమయం. హైదరాబాద్‌లో పగటిపూట భారీ వాహనాలపై ఆంక్షలు ఉంటాయి. అనుమతి వేళ వచ్చేదాకా లారీలు ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలే ఆగాలి. అక్కడ నీడ, నీళ్లు, మంచం, మరుగుదొడ్డి ఉంటే డ్రైవర్ క్యాబిన్‌లో పడుకోనవసరం లేదు. చమురు కంపెనీలు కొన్ని పెట్రోల్ బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో ఇలాంటి వసతి కల్పిస్తున్నాయి. జాతీయ రహదారుల వెంట తొలి విడతగా 1000 విశ్రాంతి భవనాలు కడతామని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. రోడ్డు పక్కన ఆగిన లారీల మోత తగ్గాలంటే ఇలాంటివి చాలా కావాలి.

నష్టం ఎంత?

ఇంజిన్ సైజును బట్టి మారినా, ఆగి ఉన్న భారీ లారీ గంటకు లీటరున్నర తాగుతుందని అనుకుందాం. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువే. 8 గంటలకు 12 లీటర్లు. లీటరు 95 రూపాయల లెక్కన 1,140 రూపాయలు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ ఆ డీజిల్‌తో 48 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే విజయవాడ నుంచి గుంటూరు దాటిపోతుంది. ఆ ఒక్క రాత్రికి గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ 30 కిలోల పైమాటే.

ఇంజిన్‌కూ మంచిది కాదు. లోడు లేకుండా నడిచేటప్పుడు వేడి చాలక డీజిల్ పూర్తిగా మండదు. లోపల మసి పేరుకుంటుంది, ఫిల్టర్ త్వరగా నిండుతుంది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రావణం సరిగ్గా పనిచేయాలన్నా పొగ దాదాపు 200 డిగ్రీలు దాటాలి. ఆగి ఉన్న బండిలో అంత వేడి రాదు. బీఎస్-6 లారీ కదా, పొగ శుభ్రంగానే ఉంటుందనుకోవడానికి లేదు.

ఆరోగ్యం మాటకొస్తే, డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. ఆ పొగకు అందరికంటే దగ్గరగా ఉండేది క్యాబిన్‌లో నిద్రపోయే డ్రైవరే. గోడౌన్, సెల్లార్ లాంటి మూసి ఉన్న చోట ఇంజిన్ నడుపుతూ పడుకోవడం ప్రాణాంతకం కావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

చట్టం ఏం చెబుతోంది?

ఆగిన బండిలో ఇంజిన్ ఇన్ని నిమిషాలకు మించి నడపకూడదన్న పరిమితి మన మోటారు వాహనాల చట్టంలో లేదు. న్యూయార్క్ నగరంలో ఆ పరిమితి 3 నిమిషాలు, పాఠశాలల దగ్గర 1 నిమిషం. మన కాలుష్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్షలోనూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే పొగ సాంద్రతే చూస్తారు. ఎంతసేపు నడిపారన్నది ఎవరూ చూడరు.

అయితే వర్తించే నిబంధనలు కొన్ని ఉన్నాయి.

- సెక్షన్ 126: బహిరంగ ప్రదేశంలో ఆగిన బండి డ్రైవర్ సీటులో లైసెన్సు ఉన్న వ్యక్తి ఉండాలి. లేదంటే ఇంజిన్ ఆపి, బండి దానంతటదే కదలకుండా బ్రేకు వేయాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి టీ కొట్టుకు వెళ్లడం దీనికి విరుద్ధం.
- సెక్షన్ 122: ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసర ఇబ్బంది కలిగేలా బండిని నిలపకూడదు.
- సెక్షన్ 190(2): పొగ, శబ్ద ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.
- శబ్ద కాలుష్య నిబంధనలు, 2000: నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లు.

మీ ఇంటి ముందు ఆగితే ఏం చేయాలి?

ముందు డ్రైవర్‌నే అడగండి. 'అన్నా, ఎంతసేపు ఉంటుంది? కాసేపు ఆపగలరా?' అంటే చాలామంది ఆపుతారు. మిక్సర్ లారీ అయితే ఆపలేని పరిస్థితి ఉండవచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది లారీలను పిలిపించిన బిల్డర్‌తో. నాలుగు బండ్లు ఒకేసారి రాకుండా వేళలు సర్దుకోవడం ఆయన చేతిలో పని. రోజూ ఇదే తంతు అయితే బండి నంబరు, తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసి ట్రాఫిక్ పోలీసులకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి. అర్ధరాత్రి గొడవ పెరిగేలా ఉంటే 112కు ఫోన్ చేయవచ్చు.

డ్రైవర్లు, యజమానులు చేయగలిగినవీ ఉన్నాయి. గాలి లీకు బాగు చేయించడం, పాత బ్యాటరీ మార్చడం, క్యాబిన్‌లో 24 వోల్టుల ఫ్యాను, దోమల జాలీ పెట్టించడం వల్ల రాత్రిళ్లు ఇంజిన్ ఆపడం సాధ్యమవుతుంది. ఇంజిన్ ఆపినా నడిచే బ్యాటరీ ఏసీలు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటికి ధర ఎక్కువే. కానీ రాత్రికి వెయ్యి రూపాయల డీజిల్ కాల్చే యజమాని ఓసారి లెక్క వేసుకోవాల్సిన ఖర్చే అది.