అచ్చుపోసిన ఆబోతు, ఒంగోలు జాతి

పురాణాల్లో ఆవు క్షీరసాగర మథనంలో పుట్టిన కామధేనువు. ఎద్దు శివుడి వాహనమైన నంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ భక్తి రెండు ఆచారాల రూపంలో పశువుల పెంపకంలోకి వచ్చింది: గుడి దీపానికి నెయ్యి ఇవ్వడం, ఊరి మందకు ఆబోతును ఇవ్వడం.

దీపదానం పాతది. ఈ ప్రాంతాన్ని ఏలిన వెలనాటి చోడుల కాలం నాటి శాసనాల్లో అఖండ దీపాలకు ఆవుల్ని, గొర్రెల్ని సమర్పించిన దానాలు తరచుగా కనిపిస్తాయి. దాత ఇచ్చిన మందను కాపరులు మేపుకుంటూ, ఒప్పుకున్న కొలత ప్రకారం గుడికి నెయ్యి పోసేవారు.

పశుజాతిని తీర్చిదిద్దింది మాత్రం వృషోత్సర్గం. చనిపోయినవారి పుణ్యం కోసం కర్మకాండలో కోడెదూడకు త్రిశూలం, చక్రం గుర్తులు కాల్చి శివుడి పేర వదిలేసేవారు. అలా అచ్చుపోసిన ఆబోతుకు ఆ తర్వాత కట్టుగొయ్య లేదు, కాడి లేదు. ఏ చేలో మేసినా రైతు అదిలించి పంపేవాడే తప్ప కొట్టేవాడు కాదు. ఊళ్లోని ఆవులన్నిటికీ అదే ఆబోతు కాబట్టి, వదిలే కోడె మంచిదై ఉండాలని పెద్దలు పట్టుబట్టేవారు. ఖర్చు ఆ కుటుంబానిది, ఎంపిక ఊరిది.

ఎంపికకు కొలమానం నేలే. నల్లరేగడిని దున్నాలంటే బలమైన ఎడ్లు కావాలి. వాటికి మేత జొన్నచొప్ప. గుండ్లకమ్మ, ముసి నదుల పరిసరాల్లో తరతరాల ఈ ఎంపిక ఫలితమే తెల్లని ఒళ్లు, ఎత్తైన మూపురం, పొట్టి కొమ్ములు గల ఒంగోలు గిత్త.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే 19వ శతాబ్దంలో బ్రెజిల్ చేరిన ఈ పశువులకు అక్కడ నెలోర్ అనే పేరు స్థిరపడింది. 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన ఒక ఆబోతు, ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. నేడు బ్రెజిల్ మాంసపు మందల్లో అధిక భాగం నెలోర్, దాని సంకరాలే. పుణ్యం కోసం వదిలిన ఆబోతుల సంతతి అక్కడ ఆహార పరిశ్రమకు ఆధారమైంది.

పుట్టినచోట ఆచారం సన్నగిల్లింది. పొగాకు, పత్తి, మిరప జొన్న స్థలాన్ని ఆక్రమించడంతో చొప్ప తగ్గింది. పచ్చిక బీళ్లు సాగులోకి వచ్చాయి. చేలల్లో స్వేచ్ఛగా తిరిగే ఆబోతును భరించే ఓపిక ఊళ్లకు లేకపోయింది. దుక్కి ట్రాక్టరుకు, ఎద కట్టించే పని కృత్రిమ గర్భధారణకు మారాయి. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రం ఇప్పుడు ఒంగోలు జాతిని కాపాడుతోంది. ఊళ్లలో గిత్తల పెంపకం ఎక్కువగా బండలాగుడు పోటీల కోసం సాగుతోంది. కనుమ నాడు పశువులకు స్నానం చేయించి, కొమ్ములకు రంగులేసి పూజించడం నేటికీ ఉంది.