లొద్ది దిగినవాడు ఎక్కక తప్పదు
(నల్లమల మెట్లదారుల చరిత్ర)

కొండకూ లోయకూ ఒక పెద్ద తేడా ఉంది. కొండ ఎక్కేవాడు కష్టమైన పని ముందు చేస్తాడు. అలసట వస్తే సగంలోనే వెనక్కి తిరిగి దిగిపోవచ్చు. లోయలోకి దిగేవాడికి ఆ వెసులుబాటు లేదు. పొద్దున్నే చల్లటి వేళ, కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు హాయిగా దిగుతాడు. ఎండ ముదిరాక, నీళ్ళ సీసా ఖాళీ అయ్యాక, మోకాళ్ళు వణుకుతున్నప్పుడు ఎక్కడం మొదలవుతుంది. దిగడం మన ఇష్టం. ఎక్కడం మాత్రం తప్పనిసరి.

మన జిల్లాలవాళ్ళకు ఈ సంగతి పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. నల్లమలలో లోతైన లోయను "లొద్ది" అంటారు. లొద్ది మల్లయ్య అని దేవుడి పేరులోనే ఆ మాట నిలిచిపోయింది. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడినా, ఈ మూడింటి ప్రజలనూ ఒకే దిక్కుకు నడిపించిన దారులు కొన్ని ఉన్నాయి. అవి శ్రీశైలం దారులు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పేవారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ నాలుగింటిలో రెండు మనవే. అలంపురం గద్వాల జిల్లాలో ఉంది, అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఏ ద్వారం నుండి బయలుదేరినా కాలినడక యాత్రికుడు ఎక్కడో ఒకచోట లోయ దిగి, మళ్ళీ ఎక్కవలసిందే.

కృష్ణ కోసిన దారి

నల్లమల రాయి చాలా పాతది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని కడప శ్రేణి శిలలలో చేర్చారు. పైన గట్టి క్వార్ట్‌జైటు రాయి, దాని మధ్య పొరలు పొరలుగా ఊడే పలకరాయి. పైభాగం అమ్రాబాద్ పీఠభూమిలాగా చదునుగా కనిపిస్తుంది. నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక్కసారిగా నేల తెగిపోయి, కింద ఎక్కడో కృష్ణ కనిపిస్తుంది. నది ఈ గట్టిరాతిని యుగాల తరబడి కోసుకుంటూ పోయింది. దానిలో కలిసే వాగులు కూడా తమ తమ లొద్దులను కోసుకున్నాయి. ఇది ఎడారి కాదు. కానీ చైత్ర మాసంలో ఆకు రాలి, వాగులు ఎండి, రాయి కాలి ఉన్నప్పుడు అడవికీ ఎడారికీ పెద్ద తేడా కనిపించదు. లోయ అడుగున గాలి ఆడదు. రెండు వైపుల బండలు పగలంతా ఎండను తాగి మనిషి మీదకు వదులుతాయి. ఎక్కేవాడు పైనుండి కాసే ఎండనూ, పక్కనుండి కొట్టే సెగనూ కలిపి భరించాలి.

రాజులు కట్టించిన మెట్లు

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత తీరాంధ్రలో తలెత్తిన రెడ్డిరాజులలో మొదటివాడు ప్రోలయ వేమారెడ్డి. అద్దంకి రాజధానిగా ఏలిన ఈయన ఆస్థానంలోనే ఎఱ్ఱాప్రగడ ఉన్నాడు. వేమారెడ్డిని చరిత్ర రెండు మెట్లదారులతో గుర్తుపెట్టుకుంది. ఒకటి అహోబిలానికి, రెండవది శ్రీశైలానికి. యుద్ధాలతో సతమతమయ్యే కొత్త రాజ్యం అడవిలో రాతిమెట్లకు ధనం ఎందుకు వెచ్చించిందా అనిపించవచ్చు. ఆ కాలంలో శ్రీశైలానికి పోయేవాళ్ళలో ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, ఏళ్ళ తరబడి మొక్కు మోస్తున్నవాళ్ళూ ఉండేవారు. బలమైనవాడికి మెట్టు లేకపోయినా గడిచిపోతుంది. బలహీనుడికి మెట్టు ఉంటేనే యాత్ర ఉంటుంది. మెట్లు కట్టించడం పుణ్యకార్యమని పెద్దలు లెక్కవేయడం వెనుక ఈ వివేకం ఉంది.

ఆ తరువాత విజయనగర కాలంలో, 1393లో, రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ శ్రీశైలం నుండి కృష్ణలోని పాతాళగంగకు మెట్లు కట్టించింది. ఆ పేరే లోతు ఎంతో చెబుతుంది. ఒక స్త్రీ, పట్టపుదేవి, గుడి గోపురం కాకుండా నదికి దిగే మెట్లను ఎంచుకోవడం గమనించదగ్గ విషయం. స్నానానికి దిగినవాళ్ళు తడిబట్టలతో, చెంబులో నీళ్ళతో ఆ నిట్టనిలువు దారిలో పైకి రావాలి. దిగేటప్పుడు గుర్తుకు రాని రాణి ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా గుర్తుకు వచ్చి ఉంటుంది.

అలంపురం, గద్వాల వైపు నుండీ, కర్ణాటక నుండీ వచ్చే యాత్రికులు ఆత్మకూరు చేరి అడవిలోకి ప్రవేశించేవారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు దాటాక భీముని కొలను వస్తుంది. అదే ఆ దారిలో అసలు పరీక్ష. మెట్లు లోయ అడుగుకు దిగుతాయి. అక్కడ నీటి మడుగు, చెట్ల నీడ, కాస్త విశ్రాంతి. అక్కడి నుండి కైలాస ద్వారం వరకు ఎక్కుడే ఎక్కుడు. ఆ ఎత్తు చేరిన తరువాత ఇక శ్రీశైలం చేరినట్టే. అంత కష్టం ముగిసే చోటుకు కైలాస ద్వారమని పేరు పెట్టినవాళ్ళు ఆ లోయ ఎక్కినవాళ్ళే అయి ఉంటారు. నేటికీ ఉగాదికి కన్నడ భక్తులు వేలమంది ఈ దారినే నడిచి వస్తున్నారు.

రాసిపెట్టినవాళ్ళు

ఈ అడవిదారుల గురించి రాసినవాళ్ళలో ఇద్దరిని తలుచుకోవాలి. ఇద్దరూ ఉద్యోగులే కావడం మనకు సంతోషం. ఒకరు సర్వే అధికారి కాలిన్ మెకంజీ. 1794లో శ్రీశైలం వెళ్ళి తాను చూసిన గుడి, శిల్పాల గురించి ఆంగ్లంలో వ్యాసం ప్రచురించాడు. రెండవవారు మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలం చూసుకుని, తరువాత కృష్ణ దాటి వనపర్తి మీదుగా హైదరాబాదు చేరారు. ఆయన దినచర్య 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయింది. దారిలో ఎక్కడ నీళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఎక్కడ ఎంత ఖర్చు అన్నవి కచేరీ లెక్కలాగా రాసిపెట్టారు. శ్రీశైలం పోయే యాత్రికుల మీద కందనూరు నవాబు తరఫున వసూలు చేసే పన్ను సంగతి కూడా అందులో ఉంది. ఒక రాజు మెట్లు కట్టించాడు, మరొక పాలకుడు ఆ మెట్లెక్కేవాళ్ళ దగ్గర సుంకం తీసుకున్నాడు. 1839లో కంపెనీవారు నవాబును తొలగించి కర్నూలును కలుపుకున్నారు.

అసలు దారి ఎవరిది?

రాజులు మెట్లు వేయించారు. కానీ దారి రాజులది కాదు. లొద్దిలో ఏ బండ పక్కన దిగవచ్చో, వేసవిలో ఏ గుంటలో నీరు నిలుస్తుందో తెలిసినవాళ్ళు చెంచులు. దారి చూపినవాళ్ళూ, అడవిలో యాత్రికులకు తోడుగా నడిచినవాళ్ళూ వాళ్ళే. మల్లన్నను తమ అల్లుడని చెప్పుకునే హక్కు ఉన్నవాళ్ళు. 1940లో ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు పెంటలలో ఉండి వాళ్ళ జీవితం గురించి గ్రంథం రాశాడు. అది 1943లో వెలువడింది. ఆయన సూచన మీద నిజాం ప్రభుత్వం దాదాపు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది.

ఇటువంటి కథే భూగోళానికి అటువైపున కూడా జరిగింది. అమెరికాలోని అరిజోనా ఎడారిలో కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్ లోతు సుమారు ఒక మైలు. అంచు నుండి నదికి దిగే "బ్రైట్ ఏంజెల్" కాలిబాట మొదట హవసుపాయి అనే ఆదివాసులది. నీటి ఊట దగ్గర తోటలు వేసుకుని బతికేవారు. తరువాత రాల్ఫ్ కామెరన్ అనే ఆసామి ఆ బాటను వెడల్పు చేసి, దానిమీద పోయేవాళ్ళ దగ్గర ఒక డాలరు సుంకం వసూలు చేశాడు. కందనూరు నవాబు ఆయనకు తెలియకపోవచ్చు, పని మాత్రం అదే. 1928లో బాట జాతీయ ఉద్యానవనం చేతికి వచ్చింది. అదే సంవత్సరం ఆ ఊట దగ్గర మిగిలిన చివరి హవసుపాయి కుటుంబాన్ని కూడా పంపివేశారు. 1975లో చట్టం చేసి సుమారు లక్షా ఎనభై అయిదు వేల ఎకరాలు ఆ తెగకు తిరిగి ఇచ్చారు. 2022లో ఆ ఊట ఉన్న చోటికి హవసుపాయి తోటలని పేరు మార్చారు. పేరు తిరిగి రావడానికి 94 ఏళ్ళు పట్టింది.

నీళ్ళ కిందికి పోయిన మెట్లు

1963 జులైలో శ్రీశైలం ప్రాజెక్టుకు పండిత నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980 దశకంలో జలాశయం నిండింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కుడి, ఎడమ విద్యుత్ కేంద్రాలలో కలిపి 1,670 మెగావాట్ల సామర్థ్యం ఏర్పడింది. రెండు తీరాలలో దాదాపు వంద గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. కొల్లాపురం ప్రాంతంలో సోమశిల, జటప్రోలు ఆలయాలు కూడా మెట్టకు తరలివచ్చాయి. ఆ పనులలో, పునరావాసం పనులలో, నష్టపరిహారం లెక్కలలో మన సంఘాల సభ్యులు ఎందరో తమ సర్వీసు గడిపారు. వాళ్ళకు ఈ సంగతులు నేను చెప్పనక్కరలేదు.

గుళ్ళను తరలించగలిగారు కానీ మెట్లను తరలించలేదు. పాతాళగంగ మెట్లలో కింది భాగం జలాశయం నిండినప్పుడు నీటిలో ఉంటుంది. ఇప్పుడు దిగవలసినవి సుమారు అయిదు వందల మెట్లు. ఆ తరువాత రోప్‌వే కూడా వచ్చింది. మన్ననూరు, దోమలపెంట మీదుగా ఘాట్ రోడ్డు, ఆనకట్ట దిగువన వంతెన వచ్చాక హైదరాబాదు బస్సు లోయ దిగి లోయ ఎక్కుతుంది. మన కాలికి బదులు ఇంజను రొప్పుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనబోటివాళ్ళు ఈ సౌకర్యానికి మొగం చాటేయవలసిన పనిలేదు. వేమారెడ్డి మెట్లు చేసిన మేలే ఈ రోడ్డూ చేసింది.

సలేశ్వరం

అయినా నడిచి దిగి, నడిచి ఎక్కవలసిన లొద్ది ఒకటి ఇంకా మన జిల్లాలో మిగిలింది. లింగాల మండలంలోని సలేశ్వరం. చైత్ర పౌర్ణమికి జరిగే ఈ జాతరకు ఫరహాబాద్ వైపు నుండి, లింగాల వైపు నుండి జనం వస్తారు. వాహనాలు ఆగిన చోటు నుండి అడవిలో నడిచి, రాళ్ళమీదుగా లోయ దిగితే జలపాతం, దాని పక్క గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. దిగేటప్పుడు వస్తున్నామనీ, ఎక్కేటప్పుడు పోతున్నామనీ లింగమయ్యకు వినిపించేటట్టు జనం కేకలు వేస్తారు. ఆ కేకలో భక్తి ఒకటే కాదు, ముందున్నవాడికి వెనకవాడి ఉనికి తెలుస్తుంది, అలిసినవాడికి ఊతం దొరుకుతుంది.

1983లో ఈ అడవి పులుల అభయారణ్యంలో చేరింది. రాష్ట్ర విభజన తరువాత 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా వేరుపడింది. జాతర రోజులను అటవీశాఖ కుదించింది. తక్కువ రోజులకు ఎక్కువమంది రావడంతో ఇరుకు దారిలో రద్దీ పెరిగింది. 2023 జాతరలో ప్రాణనష్టం జరిగిన వార్త మనమందరం చదివాం. పులికి అడవి కావాలి, సందేహం లేదు. భక్తుడికి క్షేమంగా ఎక్కే దారి కావాలి. ఆ రెండింటి మధ్య చెంచు పెంటల మాట వినేవాళ్ళు కూడా కావాలి. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. పులుల సంరక్షణ కోసం పెంటలను అడవి బయటికి తరలించాలన్న మాట వచ్చినప్పుడల్లా గ్రాండ్ కాన్యన్‌లోని ఆ 94 ఏళ్ళు గుర్తుకు రావాలి.

కుటుంబ సభ్యులతో సలేశ్వరం గానీ, భీముని కొలను గానీ వెళ్ళదలచిన మిత్రులకు కొన్ని మాటలు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దిగవద్దు. తెల్లవారుజామున దిగి, ఎండ ఎక్కకముందే పైకి రావాలి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి ఉంచుకోవాలి. నీళ్ళలో సగం తిరుగు దారికి దాచాలి, అందులో కాస్త ఉప్పు, చక్కెర కలపాలి. మజ్జిగ అయితే మరీ మంచిది. చేతికర్ర సిగ్గుపడవలసిన వస్తువు కాదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు లోయ అడుగున చిక్కుకుంటే, పంతానికి పోకుండా నీడలో కూర్చుని పొద్దు వాలాక ఎక్కాలి.

వంతెన లేని రోజులలో పుట్టిలో కృష్ణ దాటి, కాలినడకన శ్రీశైలం పోయివచ్చినవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఎనభై, తొంభై ఏళ్ళ తల్లులు, మేనత్తలు. ఏ రేవులో దాటారు, ఎక్కడ వండుకున్నారు, ఎవరు దారి చూపారు, ఎక్కేటప్పుడు ఎవరిని ఎవరు ఎత్తుకున్నారు అని మనవలచేత అడిగించి ఒక నోటుబుక్కులో రాయించండి. దారి చూపిన చెంచు మనిషి పేరు గుర్తుంటే ముందు అది రాయించండి. రాజుల పేర్లు శాసనాలలో ఉన్నాయి. ఆ పేర్లు వీళ్ళ జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేవు.