ఉత్తరం కంటె ముందు వచ్చిన పక్షి

వేల్సు దేశపు నైరుతి తీరానికి 2 మైళ్ళ దూరాన సముద్రంలో స్కోక్‌హోమ్ అనే చిన్న ఎర్రరాతి దీవి ఉన్నది. దాని వైశాల్యం సుమారు 100 హెక్టార్లు. పగటిపూట అక్కడ దిగిన యాత్రికునికి పఫిన్లు, గల్ పక్షులు కనిపిస్తాయి. కాని ఆ దీవిలో అన్నిటికంటె ఎక్కువగా ఉండే పక్షి మాత్రం కంటబడదు. చీకటి పడిన తరువాత నేలలోపలి నుండి, ఆకాశం నుండి వింత అరపులు వినవస్తాయి. అదే మాంక్స్ షియర్‌వాటర్.

ఈ పక్షికి కాళ్ళు బాగా వెనుకగా అమరి ఉన్నవి. నీటిలో ఈదడానికి, మునగడానికి అవి అనుకూలమే గాని, నేలమీద నడకకు పనికిరావు. పగలు దిగితే పెద్ద గల్ పక్షుల వాత పడవలసిందే. కనుకనే అది రాత్రివేళ వచ్చి బొరియలో దూరి, ఏడాదికి ఒకే గ్రుడ్డు పెడుతుంది.

1927లో రోనాల్డ్ లాక్లీ అనే యువకుడు ఈ దీవిని కౌలుకు తీసికొన్నాడు. చించిల్లా కుందేళ్ళను పెంచి జీవించవలెనని అతని ఆలోచన. ఆ వ్యాపారం సాగలేదు. 1928లో ఆ ఒడ్డున పగిలిన ఒక ఓడ కొయ్యతో పాడుపడ్డ ఇంటిని బాగుచేసుకొని, అతడు పక్షులను పరిశీలింపసాగాడు. వాటి కాళ్ళకు అంకెలు గల లోహపు కడియాలు తొడిగి, ఏ పక్షి ఏ బొరియకు వచ్చేదీ గుర్తించాడు. 1933లో బ్రిటనులోని మొదటి పక్షి పరిశీలనా కేంద్రం ఇక్కడ ఏర్పడింది.

ఈ పక్షిని దూరదేశంలో విడిచిపెడితే ఇల్లు చేరగలదా? 1952లో రొజారియో మజ్జియో అనే అమెరికా సంగీత విద్వాంసుడు రెండు పక్షులను పెట్టెలో ఉంచి విమానంలో బోస్టనుకు తీసికొనిపోయాడు. ఒకటి మరణించింది. రెండవదానిని అక్కడ వదలి, ఆ సంగతి తెలుపుతూ ఉత్తరం వ్రాశాడు. ఉత్తరం చేరకముందే, సుమారు పన్నెండున్నర రోజులకు, పక్షి తన బొరియలో ఉన్నది! అది దాటిన సముద్రం 3,000 మైళ్ళకు పైమాటే. అనగా సగటున రోజుకు 240 మైళ్ళకు తక్కువ కాదు.

వేగం కంటె దారి తెలియడమే ఇందులో వింత. దిక్కు తెలిసినంత మాత్రాన చాలదు. తానెక్కడ ఉన్నదో గూడ తెలియవలెను. ఓడవానికి దిక్సూచితో పాటు పటం ఎందుకు కావలెనో దీనికీ అందుకే కావలెను. ఆ పటం ఏది? దీని జ్ఞాతి పక్షులను అజోర్స్ దీవుల నుండి దూరంగా కొనిపోయి విడిచిన ప్రయోగం 2013లో వెలువడింది. అయస్కాంతాలు కట్టినవి సులువుగా తిరిగివచ్చినవి; వాసన తెలియకుండా చేసినవి దారి తప్పినవి. సముద్రపు గాలిలోని వాసనలే వాటి పటమని దీనివల్ల తోచుచున్నది.

1976లో ఇక్కడ కడియాలు తొడిగే పని ఆగిపోయినది. 2006లో ఒక వన్యప్రాణి సంరక్షణ సంస్థ దీవిని కొనగా, 2014లో కేంద్రానికి మరల గుర్తింపు లభించింది. దీవిని చూడవచ్చేవారు నిర్ణీతమైన బాట విడువరాదు. బాట ప్రక్క నేల అంతా బొరియలే. ఒక్క అడుగు తప్పితే, మహాసముద్రం దాటి రాగల పక్షి ఇల్లు మన కాలిక్రింద కూలిపోతుంది.