మాస్టర్ తాళంచెవి కథ

కార్యాలయ భవనాల నిర్వహణ చూసిన రోజుల్లో నా దగ్గర మాస్టర్ తాళంచెవి ఉండేది. అన్ని గదులకూ అదొక్కటే. ఆ తాళాలు 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంటు పొందిన పిన్నుల తాళం తరహావి. పిన్నుల మధ్య అదనంగా ఒక ముక్క చేరిస్తే ఒకే తాళం రెండు చెవులకు తెరుచుకుంటుంది. ఈ సౌకర్యంలోనే లోపమూ ఉంది. ఒక గది తాళం, దాని చెవి, కొన్ని కోయని చెవులు ఉంటే మాస్టర్ చెవి తయారుచేయవచ్చని 2003లో మాట్ బ్లేజ్ అనే అమెరికా పరిశోధకుడు వెల్లడించారు. మాస్టర్ చెవి పోతే తాళాలన్నీ మార్చాలి. అందుకే సిబ్బందికి అంతస్తుకొక చెవి మాత్రమే, అదీ రిజిస్టరులో సంతకం తీసుకునే ఇచ్చేవాళ్లం. మీ అపార్టుమెంటులో అటువంటి చెవి ఉంటే, ఎవరి దగ్గరుందో విచారించండి.